జైలు నుంచి వచ్చినవాళ్లకు మందు లేని ఇల్లు: మొదటి రెండు వారాలు ఎలా?

నల్గొండ_వాలంటీర్: హైదరాబాద్‌లో ఒక ఇల్లు అద్దెకు తీసుకుంటున్నాం. చర్లపల్లి జైలు నుంచి విడుదలైన ఆరుగురు ఉంటారు. ఇద్దరికి కల్తీ కల్లు, మిగతావాళ్లకు మందు అలవాటు. మొదట ఏం చూసుకోవాలి? ఎవరైనా మళ్లీ తాగొస్తే పంపించేయాలా?

వార్డు_సిస్టర్: ముందు ప్రాణం సంగతి చూడండి. లోపలున్నన్నాళ్లూ తాగక ఒళ్లు తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, బయటికొచ్చాక మాత్రం పాత లెక్కలోనే తాగుతారు. కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు ఊపిరిని మందగింపజేస్తాయి. దానిపైన మందు పడితే మరీ ప్రమాదం. తట్టి లేపినా పలకకపోతే, గురక గరగరమంటుంటే "పడుకోనీలే" అని వదిలేయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. వెల్లకిలా ఉంటే వాంతి గొంతుకు అడ్డం పడుతుంది.

మళ్లీ రోజూ కల్లు మొదలుపెట్టినవాళ్లను ఉన్నపళంగా మాన్పించకండి, ఫిట్స్ వస్తాయి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క ఎంతమంది ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పరుగెత్తారో గుర్తుందిగా. డాక్టరు మాత్రలు రాసి మెల్లగా తగ్గిస్తారు.

తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర అన్నంలో కలిపి తెలియకుండా పెట్టడం ఘోరం. తెలియక తాగితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. మాత్ర ఆపినా రెండు వారాల దాకా ప్రభావం ఉంటుంది.

ఇంటి_పెద్ద: అమెరికాలో 1975లో మేరీల్యాండ్‌లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ హౌస్‌లను, అంటే మత్తు మానేసినవాళ్లు కలిసి ఉండే ఇళ్లను, ఉండేవాళ్లే నడుపుకుంటారు. కొత్తవారిని చేర్చుకోవాలంటే 80 శాతం మంది ఒప్పుకోవాలి, మళ్లీ వాడితే ఇల్లు ఖాళీ చేయాలి. నియమం మంచిదే. కానీ ఇక్కడ రాత్రిపూట గెంటేస్తే ఆ మనిషి నేరుగా కల్లు కాంపౌండ్‌కే పోతాడు. ఇల్లు తెరవకముందే డీ-అడిక్షన్ సెంటర్‌తో మాట్లాడి పెట్టుకోండి, తాగొచ్చిన రాత్రే అక్కడికి చేర్చండి. తిరిగి రానివ్వాలా అన్నది తర్వాత అందరూ కూర్చుని తేల్చాలి.

కూలి డబ్బులు చేతికొచ్చిన శనివారం సాయంత్రమే గండం. అద్దె వాటా, సరుకుల డబ్బు అప్పుడే తీసుకోండి. కోర్టు వాయిదాలు, స్టేషన్‌లో బెయిలు సంతకాల తేదీలు గోడ క్యాలెండర్‌పై రాయండి. ఒక్క వాయిదా తప్పితే వారంటు, మళ్లీ లోపలికే.

నల్గొండ_వాలంటీర్: మత్తుమందు వాడారా లేదా చూసే యూరిన్ స్ట్రిప్ మీద గీత బాగా లేతగా వస్తే?

వార్డు_సిస్టర్: టెస్టు గీత ఎంత లేతగా ఉన్నా నెగెటివ్ కిందే లెక్క. స్ట్రిప్ సరిగా పనిచేసిందని చూపే కంట్రోల్ గీత రాకపోతే ఆ స్ట్రిప్ పనికిరాదు, ఇంకోటి వాడండి. డాక్టరు డయాజెపామ్ (ఆల్ప్రాజోలం జాతి మాత్రే) ఇస్తున్నవాళ్లకు పాజిటివే చూపిస్తుంది, కాబట్టి చీటీ చూడకుండా ఎవరినీ నిలదీయొద్దు. సలహాకు మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు.