36 వోల్టుల సైకిల్ బ్యాటరీకి 3పీ సరిపోతుందా, 4పీ కట్టాలా?

అందరికీ నమస్కారం. పాత సైకిల్‌కి 250 వాట్ల హబ్ మోటార్ (చక్రం మధ్యలో ఉండేది) బిగించాను. బ్యాటరీ ప్యాక్ నేనే కట్టుకుందామని 18650 రకం లిథియం సెల్స్ 30 కొన్నాను. 3 సెల్స్ ప్యారలల్‌లో (పక్కపక్కన, అదే 3పీ) కలిపి, అలాంటి 10 గ్రూపులు సిరీస్‌లో (వరసగా) పెట్టాలని ప్లాన్.

లెక్క దగ్గరే తికమకగా ఉంది. 250ని 36తో భాగిస్తే సుమారు 7 ఆంపియర్లే. కానీ మోటార్‌కి కరెంట్ అందించే కంట్రోలర్ మీద గరిష్ఠం 15 ఆంపియర్లని ఉంది. అంటే ఎత్తు ఎక్కేటప్పుడు 500 వాట్ల పైనే లాగుతుందన్నమాట! సెల్ 2600 ఎంఏహెచ్. డేటాషీట్‌లో కంటిన్యుయస్ డిశ్చార్జ్ (ఆగకుండా ఇవ్వగల కరెంట్) 5.2 ఆంపియర్లు, అంటే 2సీ, కెపాసిటీ అంకెకి రెండు రెట్లు. అమ్మినాయన మాత్రం "3సీ తట్టుకుంటుంది బాబూ, ఏం పర్వాలేదు" అన్నాడు. నేను డేటాషీట్‌నే నమ్ముతున్నాను. ఆ లెక్కన మూడు సెల్స్‌కి 15.6 ఆంపియర్లు. కంట్రోలర్ అడిగేదానికీ దీనికీ మధ్య గ్యాప్ దాదాపు లేనట్టే.

నా దగ్గరున్న బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) 20 ఆంపియర్లది. అది 20 దాకా వదులుతుందే తప్ప సెల్స్ బలం పెంచదు కదా? అలాగైతే 15.6 దాటినా అది కట్ చేయదు, సెల్స్ వేడెక్కుతాయి. నేను అర్థం చేసుకున్నది సరైనదేనా?

మా ఇంటికి వెళ్లే దారిలో అర కిలోమీటరు మంచి ఎత్తు ఉంది, పైగా మే నెల ఎండలు. ఇంకో పది సెల్స్ కొని 4పీ చేయాలా, లేక కంట్రోలర్‌నే 12 ఆంపియర్లది మార్చాలా? ఇలా కట్టి కొన్నాళ్లు నడిపినవాళ్లు చెప్పండి. స్పాట్ వెల్డింగ్ ఇంకా మొదలుపెట్టలేదు.