జీపీఎల్ కోడ్ నలభై వరుసలు తీసుకుంటే యాప్ కోడంతా బయటపెట్టాలా?

కొత్తకోడ్: కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లోని ఒక పంచాంగం లైబ్రరీ (ఇతరులు వాడుకునేలా రాసిపెట్టిన కోడ్) నుంచి తిథి లెక్కించే నలభై వరుసలు నా ఆండ్రాయిడ్ యాప్‌లో పెట్టుకున్నాను. దాని లైసెన్సు, అంటే వాడుకునే షరతుల పత్రం, జీపీఎల్ 3. యాప్ ఉచితమే, ప్రకటనలు మాత్రం వస్తాయి. నా కోడ్ చూపించాలా?

నల్లమల: ఉచితమా, అమ్మకమా అన్నది జీపీఎల్‌కు పట్టదు. ఇతరుల చేతికి ఇచ్చారా లేదా అన్నదే లెక్క. ప్లేస్టోర్‌లో పెడితే ఇచ్చినట్లే. యాప్ సోర్సంతా, అంటే మీరు రాసిన మూల కోడంతా, అదే లైసెన్సు కింద ఇవ్వాలి. ప్రకటనల ఎస్‌డీకే (ప్రకటనలు చూపడానికి వేరే కంపెనీ ఇచ్చే రెడీమేడ్ కోడ్) సోర్సు మీ దగ్గర ఉండదు కదా, అసలు చిక్కు అక్కడ.

రవ్వలడ్డు: నలభై వరుసలకే ఇంత రాద్ధాంతమా!

పాతసీ: ఆండ్రాయిడ్‌లో తన జావా కోడ్ వాడారని గూగుల్‌పై ఒరాకిల్ వేసిన కేసులో 2012లో జ్యూరీ తప్పుపట్టిన రేంజ్‌చెక్ ఫంక్షన్ తొమ్మిది వరుసలే.

రవ్వలడ్డు: అదే కేసులో 2021లో అమెరికా సుప్రీంకోర్టు 11,500 వరుసలు వాడుకున్నా తప్పు లేదంది. అది ఎందుకు చెప్పరు?

పాతసీ: అవి జావా ఏపీఐ డిక్లరేషన్లు, అంటే ఫంక్షన్ల పేర్లు, వాటిని పిలిచే తీరు చెప్పే వరుసలు. వాటి వెనక పనిచేసే కోడ్ గూగుల్ సొంతంగా రాసుకుంది. పైగా అది వాళ్ల చట్టం. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ప్రోగ్రాం సాహిత్య రచన కిందికి వస్తుంది.

మజ్జిగ: లెక్క సర్వర్‌లో పెట్టి జవాబు మాత్రం పంపితే?

నల్లమల: జీపీఎల్‌కు అభ్యంతరం లేదు. సర్వర్‌లో నడిపే కోడ్‌కూ వర్తించే దాని తోబుట్టువు ఏజీపీఎల్ ఉంది, ఆ కోడ్‌ను మార్చి నడిపితే మాత్రం వాడేవాళ్లకు సోర్సు అందించాలి.

రవ్వలడ్డు: నలభై వరుసలకు ఎవరూ కోర్టుకు వెళ్లరు. అంతే.

పాతసీ: ఆ ధీమాతోనే ఒక కంపెనీ నా లైబ్రరీని వాడుకుని నా పేరున్న వరుస చెరిపేసింది. నేను పెట్టింది ఎంఐటీ లైసెన్సు.

రవ్వలడ్డు: తీసుకోమని మీరే రాసిచ్చి ఇప్పుడు ఏడుపెందుకు?

పాతసీ: డబ్బు అడిగానా? కాపీరైట్ ప్రకటన, అనుమతి పాఠం ప్రతుల్లో ఉంచమనడమే ఆ లైసెన్సు పెట్టే షరతు. అదీ బరువేనా?

రవ్వలడ్డు: నేను కాలేజీలో నేర్చుకోలేదండీ. ఇతరుల కోడ్ కాపీ చేసి, చెడగొట్టి, బాగుచేసి నేర్చుకున్నాను. మీ లెక్కన నాలాంటివాడు వరుసకొక వకీలును పెట్టుకోవాలి. పెద్ద కంపెనీలకు లీగల్ విభాగాలున్నాయి, భయపడేది మేమే.

పాతసీ: మీ కంప్యూటర్‌లో ఎంత చెడగొట్టినా జీపీఎల్ నోరెత్తదు. ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మీకు దక్కిన హక్కులే వాళ్లకూ ఇవ్వమంటుంది. అక్కడే మీకు కోపం వస్తోంది.

రవ్వలడ్డు: అవును, వస్తుంది. నా కష్టం ఎవరికి చూపాలో నేను నిర్ణయించుకోవాలి.

పాతసీ: ఆ లైబ్రరీ రాసినాయనా అదే నిర్ణయించుకున్నాడు.

నల్లమల: కొత్తకోడ్ గారూ, తిథి సూత్రం ఎవరి సొత్తూ కాదు. చంద్రుడి రేఖాంశంలోంచి సూర్యుడిది తీసేయండి, రుణసంఖ్య వస్తే 360 కలపండి, 12తో భాగించండి. ఆ లైబ్రరీ ఫైలు మూసేసి సొంతంగా రాయండి.

కొత్తకోడ్: సరే. గ్రహాల స్థానాలకు ఇంకో లైబ్రరీ వాడుతున్నాను. దాంట్లో లైసెన్సు ఫైలే లేదు, ఇబ్బంది ఉండదు కదా?

పాతసీ: లైసెన్సు లేదంటే అనుమతే లేదని అర్థం!

రవ్వలడ్డు: మళ్లీ మొదలు.