సమస్య: మేకఁ గని భల్లుకమ్ములు మిగుల వడఁకె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి ఛందస్సులో ఒక పాదం; అది చివర వచ్చేలా ముందు మూడు పాదాలు మీరు అల్లాలి. మేకను చూసి ఎలుగులు వణకడమేమిటని ముక్కున వేలేసుకోకండి. చికాగో కబ్స్ బేస్‌బాల్ జట్టు చరిత్రతో పూరించాలి. 1908లో వరల్డ్ సిరీస్ (ముందుగా నాలుగు ఆటలు గెలిచినవాళ్లదే కప్పు అనే బేస్‌బాల్ ఫైనల్) గెలిచి, మళ్లీ 2016 దాకా ఆ ముచ్చట ఎరగని జట్టు.

యతిమైత్రి:
పూరణకు ముందే ఒక సందేహం. కబ్స్ అంటే ఎలుగు కూనలు కదా. భల్లుకమ్ములంటే అదే ఊళ్లోని ఫుట్‌బాల్ జట్టు బేర్స్ అనుకోరూ?

నిర్వాహకుడు:
కూనలనే పెట్టాలనుకున్నాను, గణం కుదరలేదు. అయినా బేర్స్‌కి ఆ పేరొచ్చిందే కబ్స్ వల్ల. 1922లో ఆ పేరు పెట్టుకునేనాటికి వాళ్లు ఆడుతున్నది కబ్స్ మైదానంలోనే. ఇక్కడ పిల్ల ముందు పుట్టి తల్లి తర్వాత పుట్టింది.

తేటగీతి పిన్ని:
టిక్కెటున్నను గేటులోఁ జిక్కె మేక,
కంపుకొట్టు నటంచునుఁ గదుమ వారు
శాపమిడె యజమానుఁడు జయము దొలఁగ,
మేకఁ గని భల్లుకమ్ములు మిగుల వడఁకె.

1945 అక్టోబరు 6, సిరీస్‌లో నాలుగో ఆట. విలియం సియానిస్ అనే సారాకొట్టు యజమాని తన మేకతో కబ్స్ మైదానమైన రిగ్లీ ఫీల్డుకి వచ్చాడు. వాసనకు పక్కవాళ్లు గొడవ చేశారని, బయటికి పంపేశారని, ఇక మీకు గెలుపు లేదు పొమ్మన్నాడని కథ.

యతిమైత్రి:
మొదటి పాదంలో టిక్కె, చిక్కె ప్రాసయతి (రెండో అక్షరాల పొత్తు) హాయిగా ఉంది. రెండో పాదంలో 'అటంచు' చాలు, 'ను' గణం కోసం తగిలించారు. ఇంకో మాట. వణికినవాళ్లు మేకను చూసి వణికారా, శాపం విని వణికారా? మూడో పాదానికీ సమస్యకూ మధ్య అతుకు కనిపిస్తోంది.

తేటగీతి పిన్ని:
'ను' సంగతి నిజమే నాయనా. ఆ అతుకు మాత్రం చికాగోవాళ్లే వేసుకున్నది, నేను కాదు.

పాత పంచాంగం:
అసలు ఆ ఏడు వీళ్లను ఓడించిందెవరు? డెట్రాయిట్ టైగర్స్, అంటే పులులు! మేక వచ్చేనాటికి కబ్స్ 2-1 ఆధిక్యంలో ఉన్నారు, చివరికి 4-3తో పోగొట్టుకున్నారు.

పులులు డెట్రాయిటునఁ బుట్టి పోరు గెలువ
నింద మోసెను మేకయే నేఁటి దాఁక;
తప్పు దమదౌట దాఁచెడి తలఁపు తోడ
మేకఁ గని భల్లుకమ్ములు మిగుల వడఁకె.

నిర్వాహకుడు:
భేష్! వణుకు నటన అనడంతో సమస్యలోని వింత విడిపోయింది. తప్పు తమదే అనడానికి సాక్ష్యం కావలసినంత ఉంది. 1961లో కబ్స్ యజమాని మేనేజరన్నవాణ్ణే పెట్టకుండా కోచ్‌ల చేత వంతులవారీగా జట్టును నడిపించాడు. పదిమంది వంటగాళ్లు చేరిన పెళ్లి వంటలా తయారైంది. 1964లో లూ బ్రాక్ అనే ఆటగాణ్ణి సెయింట్ లూయిస్ జట్టుకి ఇచ్చేస్తే, అతను వెళ్లిన ఏడే ఆ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది. కబ్స్ ఆటగాడు ఎర్నీ బ్యాంక్స్ 512 హోమ్‌రన్లు కొట్టి కూడా ఒక్క వరల్డ్ సిరీస్ ఆడకుండానే రిటైరయ్యాడు. ఇందులో మేక పాత్ర ఎంత?

చలిపులి:
మేక ఒక్కటేనా, పిల్లి కూడా ఉంది.

నల్లపిల్లియె షేయాలో నడచె నడ్డు,
అఱువదియుఁ దొమ్మిదవ యేట నాశ లుడిగె;
మొదట పెట్టిన శాపము మదిని మెదల
మేకఁ గని భల్లుకమ్ములు మిగుల వడఁకె.

యతిమైత్రి:
'షేయాలో' మూడూ గురువులే, మగణం. తేటగీతిలో రెండు, మూడు గణాలు ఇంద్రగణాలు కావాలి, మగణం వాటిలో లేదు. పైగా న్యూయార్క్‌లోని ఆ మైదానాన్ని పలికేది 'షే' అని. 'షేలోన' అంటే తగణం, అది ఇంద్రగణమే, గణమూ ఉచ్చారణా రెండూ దారికొస్తాయి. 'నాశ లుడిగె' దగ్గర నాశనం వినపడుతోంది కానీ ఈ జట్టుకి అదీ తగినదే. 1969 సెప్టెంబరు 9న ఆ పిల్లి కబ్స్ కూర్చున్న చోటు ముందునుంచే వెళ్లింది. ఆ ఏడు న్యూయార్క్ జట్టు మెట్స్ వీళ్లను దాటేసి వరల్డ్ సిరీస్ కూడా గెలిచారు.

తేటగీతి పిన్ని:
గెలిచిన ముచ్చట ఎవరూ చెప్పరేం?

క్లీవులాండున గెలిచెను కీర్తి తోడ
వాన వెలిసిన పిదపను బంతిఁ గొట్టి;
నాఁటి కథఁ జెప్పి నవ్వెను నేఁటి తాత:
"మేకఁ గని భల్లుకమ్ములు మిగుల వడఁకె".

నిర్వాహకుడు:
సమస్యను ఒకరి నోట అనిపించడం పాత ఎత్తే, ఇక్కడ ఇమిడింది. అయితే మొదటి పాదంలో గెలిచిందెవరో చెప్పలేదు, తాతే గెలిచాడనుకునే ప్రమాదం ఉంది! వాన మాట అక్షరాలా నిజం. 2016 నవంబరు 2న ఏడో ఆట తొమ్మిది ఇన్నింగ్స్ ముగిసేసరికి 6-6, అప్పుడు వాన 17 నిమిషాలు ఆపింది. పదో ఇన్నింగ్స్‌లో కబ్స్ రెండు పరుగులు చేసి 8-7తో గెలిచారు. అంతకుముందు సిరీస్‌లో 3-1తో వెనకబడి ఉన్నారు కూడా.

పాత పంచాంగం:
1908 నుంచి 2016కి 108 ఏళ్లు. అష్టోత్తరం పూర్తయ్యాకే వరం దొరికింది.

చలిపులి:
మా అబ్బాయి బంతి బల్ల మీదుంటే ఎర్రదారం కుట్లు వేలితో తడుముతూ లెక్కపెట్టాను. రెండుసార్లు తప్పిపోయి మూడోసారికి తేలింది: 108 జంట కుట్లు! నిర్వాహకులుగారూ, ఇదే దత్తపదిగా (ఇచ్చిన పదాలతో పద్యం అల్లే ఆటగా) ఇవ్వండి.

నిర్వాహకుడు:
ఇస్తాను. ఈ వారం మెచ్చుకోలు పులుల పద్యానికి. చలిపులిగారూ, సవరణ?

చలిపులి:
"నల్లపిల్లియె షేలోన నడచె నడ్డు". మావాడికి చదివి వినిపిస్తే, ఆ స్టేడియం ఎప్పుడో కూల్చేశారు నాన్నా అన్నాడు. పిల్లి నడిచినప్పుడు ఉందిగా, ఇలాగే ఉంచుతున్నాను.