ఎంజీ2ఓ2లో 2లు కొట్టేస్తాం, హెచ్2ఓ2లో ఎందుకు కొట్టేయకూడదు?

నమస్కారం. మాది విశాఖపట్నం, పెద్ద వాల్తేరు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ఇప్పుడు కెమిస్ట్రీ ఫార్ములాలు నేర్చుకుంటోంది.

వేలెన్సీలు (ఒక్కో మూలకం మిగతావాటితో కలిసే శక్తిని చెప్పే అంకెలు) అటూ ఇటూ మార్చి రాయడం వచ్చింది. అల్యూమినియంకి 3, ఆక్సిజన్‌కి 2, మారిస్తే ఏఎల్2ఓ3. సున్నం (కాల్షియం హైడ్రాక్సైడ్) దగ్గర మాత్రం రెండ్రోజులు ఆగిపోయాం. బ్రాకెట్ లేకుండా సీఏఓహెచ్2 అని రాసేది. చివరికి కాల్షియంకి ఒక చింతపిక్క, ఒక్కో ఓహెచ్‌కి శనగగింజ, పెసరగింజ జంటగా పెట్టి చూపించాను. రెండు జంటలు కావాలి కాబట్టి ఆ 2 బ్రాకెట్ బయట ఉంటుందని తనే చెప్పింది. నాకెంత సంతోషమేసిందో!

అసలు చిక్కు ఇక్కడే. మెగ్నీషియం ఆక్సైడ్ ఎంజీ2ఓ2 అని వస్తే, 2లు కొట్టేసి ఎంజీఓ అంటాం. మరి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని, అంటే హెచ్2ఓ2ని, హెచ్‌ఓ అని ఎందుకు రాయకూడదని అడిగింది. "అలాగే గుర్తుపెట్టుకో" అన్నారట ట్యూషన్‌లో. అలా చెప్పి ఊరుకోవడం నాకిష్టం లేదు. పిల్ల అడిగింది మంచి ప్రశ్న. ఒకటి అయాన్లతో (విద్యుదావేశం ఉన్న కణాలతో), ఇంకొకటి అణువులతో ఏర్పడటమే కారణమా? తొమ్మిదో తరగతి పిల్లకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

ఇంకొకటి. సముద్రపు గాలికి మా బాల్కనీ గ్రిల్ తుప్పు పట్టి, ముట్టుకుంటే ఎర్రటి పొడి రాలుతుంది. ఇనుముకి 2, 3 రెండు వేలెన్సీలూ ఉన్నాయి కదా, తుప్పులో 3 అని పుస్తకం చూడకుండా ఎలా తెలుస్తుంది?

టీచర్లు ఎవరైనా ఉంటే ఉదాహరణలతో చెప్పండి, ప్లీజ్. తనకి చదివి వినిపిస్తాను.