అప్‌డేట్: డబ్ల్యూ5500 ఈథర్నెట్ మాడ్యూల్ లింక్ పడిపోతోంది (సమస్య తీరింది)

పాత ప్రశ్న క్లుప్తంగా: ఆర్డుయినో నానోకి (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు) కట్టిన డబ్ల్యూ5500 మాడ్యూల్‌లో లింక్ లైటు వెలిగేది, డేటా పంపగానే ఆరిపోయేది. కరెంటు పోయి వస్తే ఒక్కోసారి అసలు లేచేదే కాదు. సాయం చేసిన అందరికీ చాలా థాంక్స్.

లింక్ పడిపోవడానికి కారణం పవరే. నానో మీది 3.3 వోల్టుల పిన్ ఇవ్వగలిగేది 50 మిల్లీఆంప్స్; ఈ చిప్ 100 ఎంబీపీఎస్‌లో 130 దాకా లాగుతుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే పింగ్ (చిన్న టెస్ట్ ప్యాకెట్) కొట్టినప్పుడల్లా 3.3 కాస్తా 2.7కి జారింది. మీలో ఒకరు చెప్పినట్టే 5 వోల్టుల లైను నుంచి ఏఎంఎస్1117 రెగ్యులేటర్‌తో (5ని 3.3 వోల్టులకు తగ్గించేది) వేరే సప్లై ఇచ్చి, మాడ్యూల్ పక్కనే కెపాసిటర్ పెట్టాను. గ్రౌండ్ మాత్రం నానోకీ మాడ్యూల్‌కీ ఒకటే ఉండాలి. లింక్ మళ్లీ పడిపోలేదు.

కరెంటు వచ్చాక లేవకపోవడం వేరే గొడవ. మాడ్యూల్ రీసెట్ పిన్‌ని నానోకి కలిపి, కోడ్ మొదట్లోనే దాన్ని 'లో' (0 వోల్టులు) చేసి వదులుతున్నాను. డేటాషీట్ ప్రకారం కనీసం 500 మైక్రోసెకన్లు అలా ఉంచాలి. కాస్త ఆగి వెర్షన్ రిజిస్టర్ (చిప్ తన వెర్షన్ నంబరు ఉంచే చోటు) చదివి, 4 వస్తేనే, అంటే చిప్ లేచిందని తెలిస్తేనే, మ్యాక్, ఐపీ అడ్రసులు రాస్తున్నా. రీసెట్ కొట్టిన ప్రతిసారీ అవి చెరిగిపోతాయి, మళ్లీ రాయాల్సిందే.

కేబుల్, రౌటర్ మార్చడం, ఎస్‌పీఐ (నానోకీ మాడ్యూల్‌కీ మధ్య డేటా లైన్లు) స్పీడు తగ్గించడం వల్ల ఏ తేడా రాలేదు.