ఆఫీసు కాఫీ మెషీన్: 'మెషీన్ ఉచితం' ఒప్పందానికి సంతకం పెట్టొచ్చా?

పద్దుపుస్తకం:
మా ఆఫీసులో ముప్పై మందిమి. ప్రస్తుతం క్యాప్సూల్ మెషీన్ (కప్పుకొకటి చొప్పున పొడి నింపిన చిన్న డబ్బీ పెట్టేది) వాడుతున్నాం. నెలాఖరు బిల్లు చూసినప్పుడల్లా మా బాస్ మొహం మాడిపోతోంది. "ఖర్చు తగ్గాలి, కాఫీ ఆగకూడదు" అని పని నా నెత్తిన పెట్టారు. గింజలు అప్పటికప్పుడు పొడి చేసి కాఫీ తీసే మెషీన్ ఒకాయన ఉచితంగా పెడతానంటున్నాడు. గింజలు మాత్రం ఆయన దగ్గరే కొనాలట. ఒప్పుకోమంటారా?

చేదుకప్పు:
ముప్పై మందికి అంత హంగెందుకండీ? మామూలు డ్రిప్ మెషీన్ కొని, దిగిన డికాక్షన్ ఫ్లాస్కులో పోసి పెట్టండి. హాట్‌ప్లేట్ మీద మాత్రం ఉంచొద్దు, మాడు వాసనొస్తే సగం సింకు పాలే.

తాళాలగుత్తి:
ముందు ఆ కాగితంలో 'కనీస కొనుగోలు' ఎంతో చూడండి. ఉచిత మెషీన్ ఖరీదు సాధారణంగా అక్కడే దాక్కుంటుంది. సగంమంది సెలవులో ఉన్న నెలలో కూడా అన్ని గింజలూ కొనాల్సిందే. అడ్మిన్ పనిలో తల పండినదాన్ని, ఇలాంటి కాగితాలు చాలానే చదివాను.

ఇక లెక్కకొద్దాం. చిన్న క్యాప్సూల్‌లో పొడి మామూలుగా 5–6 గ్రాములే. అంటే కిలో పొడికి దాదాపు 180 క్యాప్సూళ్ళు. ఒక్క క్యాప్సూల్ ధరని 180తో హెచ్చవేస్తే మీరు కిలో పొడి ఎంతకి కొంటున్నారో తేలుతుంది. మీ బాస్‌గారికి ఆ ఒక్క అంకె చూపించండి, మిగతాది ఆయనే మాట్లాడతారు. గింజల మెషీన్‌ని కప్పుకి 8 గ్రాములకి పెడితే కిలోకి 125 కప్పులు, 10కి పెడితే 100. మరి గింజలు అమ్ముకునేవాడు ఏ అంకె పెట్టి వెళ్తాడో ఊహించుకోండి! బిగించిన రోజే అడిగి చూసుకోండి.

కరెంటు గురించి జనం బెంగపడేది తప్పు చోట. 25 డిగ్రీల నీళ్ళు లీటరు 95కి కాగడానికి 0.08 యూనిట్ చాలు. తాగే నాథుడు లేని రాత్రంతా బాయిలర్ వేడిగా కూర్చుంటేనే దండగ. దానంతటదే ఆగిపోయే సెట్టింగ్ పెట్టించండి.

స్క్రూడ్రైవర్:
నీళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదే! ఉప్పునీళ్ళయితే లోపల సున్నం పేరుకుని గొట్టాలు పూడుకుపోతాయి. డీస్కేలింగ్ (ఆ సున్నం వదిలించడం) ఎవరి పూచీయో, విడిభాగాల ఖర్చెవరిదో రాయించుకోండి. పాల గొట్టం ఉంటే రోజూ కడగాలి, ఆ పని ఎవరిదో ఇప్పుడే తేల్చుకోండి. తర్వాత ఎవరూ ముందుకు రారు.

పద్దుపుస్తకం:
తాళాలగుత్తి గారూ, మీరన్నట్టే ఉంది. నెలకి కనీసం 12 కిలోలట! పాత మెషీన్ కౌంటర్ చూస్తే నెలకి 1100 కప్పులు దాటడం లేదు.

తాళాలగుత్తి:
కప్పుకి 8 గ్రాములైతే మీకు పట్టేది 9 కిలోల లోపే. మిగతా 3 కిలోలే ఆ 'ఉచిత' మెషీన్ అద్దె. 8 కిలోలకి దింపమనండి, పైన కావలసింది అప్పటికప్పుడు కొంటామనండి. కాదంటే మెషీన్ సొంతంగా కొంటే ఎంతవుతుందో ఇంకో కొటేషన్ తెప్పించి ఆయన ముందు పెట్టండి. బేరం అప్పుడు మొదలవుతుంది.