యూనియన్‌లో చేరాలా వద్దా? మా తమ్ముడి సంతకం మీద ఇంట్లో పంచాయితీ

పాలమూరు పిల్లగాడు

మా తమ్ముడు జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో మూడేళ్లు ట్రైనీగా చేసి మొన్ననే పర్మనెంట్ అయ్యాడు. కంపెనీ పేరు అడగొద్దు. వారం తిరక్కుండానే యూనియన్ వాళ్లు సభ్యత్వ ఫారం తెచ్చి చేతిలో పెట్టారు. చందా నెలకు యాభై రూపాయలు. నాన్న "ఆలోచించకుండా సంతకం పెట్టు" అంటాడు. మామయ్యేమో "ఆ కాగితం ముట్టుకున్నావా, ప్రమోషన్ సంగతి మర్చిపో" అంటాడు. పండక్కి అందరం కలిస్తే ఈ గొడవతోనే సరిపోయింది, అరిసెలు పళ్లెంలో అట్లే ఉన్నాయి. ఫారం ఇప్పటికీ వాడి బ్యాగులోనే ఉంది.

యూనియన్ వల్ల పనివాడికి మేలా, కీడా? ఫ్యాక్టరీలు మూతపడేది వాటి వల్లేనా? నినాదాలు వద్దు. చూసినవి, తెలిసినవి చెప్పండి.

బొగ్గుబాయి బిడ్డ

తమ్ముడూ, నేను గోదావరిఖని వాణ్ని. మా నాన్న ఫిల్లర్. బొగ్గు తట్టకెత్తి టబ్బులు నింపే పని. బాయిలో ఫలానా చోట గాలి ఆడటం లేదు, దిగను అని ఒక్కడంటే అది మొండితనం. అదే మాట బాయి మీది యూనియన్ నాయకుడు, పిట్ సెక్రటరీ, వెళ్లి అంటే అది సమస్య. యూనియన్ అంటే ఏంటని నన్నడిగితే ఇంతకంటే చిన్నగా చెప్పలేను.

అలాగని అంతా బంగారమేం కాదు. 1990ల మొదట్లో సింగరేణిలో ఒక్కో బాయి మీద అరడజను జెండాలు. ఒకాయన దిగమంటే ఇంకొకాయన వద్దనేవాడు. చిన్నదానికీ పెద్దదానికీ సమ్మే, ఏడాదికి వందల సమ్మెలు. నష్టాలు పెరిగి కంపెనీ ఖాయిలా పరిశ్రమల సంగతి తేల్చే బీఐఎఫ్‌ఆర్ దాకా పోయింది. మూతపడుతుందేమో అని మా అమ్మ రెండేళ్లు టెన్షన్ పడింది. 1998లో రహస్య ఓటింగ్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు మొదలయ్యాక పద్ధతి మారింది. ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లే యాజమాన్యంతో మాట్లాడతారు. 2012, 2017లో తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘం (టీబీజీకేఎస్) గెలిస్తే, 2023 డిసెంబర్ 27న జరిగిన ఎన్నికల్లో ఏఐటీయూసీ గెలిచింది. పని నచ్చకపోతే కార్మికుడు నాయకుణ్ని దించగలడు. ఆ భయం ఉన్నచోట నాయకుడు ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు.

ఇంకోటి, లాభాల వాటా. 10 శాతంతో మొదలై, 2023-24 లాభాల్లో 33 శాతం దాకా వచ్చింది. 796 కోట్లు పంచారు. మనిషికి సగటున లక్షా తొంభై వేలు. దసరా ముందు ఖని బజారులో బంగారం షాపుల దగ్గర నిలబడి చూడు, నీకే తెలుస్తుంది.

జీడిమెట్ల షెడ్డు

సింగరేణి లెక్క వేరండీ. పక్కన పోటీ లేదు, బొగ్గు అమ్ముడుపోదన్న భయం లేదు. మా దగ్గరికి రండి. నాది ఫ్యాబ్రికేషన్ యూనిట్, 42 మంది. పెద్ద కంపెనీ నుంచి ఆర్డరొస్తే 21 రోజుల్లో సరుకు పంపాలి, బిల్లు మాత్రం 90 రోజులకొస్తుంది. మధ్యలో నాలుగు రోజులు పని ఆగితే ఆర్డరు పక్క షెడ్డుకు పోతుంది, మళ్లీ తిరిగి రాదు.

మా కుర్రాళ్లు వచ్చి జీతం పెంచమంటే కూర్చుని మాట్లాడతాను. ఏటా మాట్లాడుతూనే ఉన్నాను. నాకు గుబులు బయటినుంచి వచ్చే నాయకుడంటేనే. వెల్డింగ్ రాడ్ ధర తెలియదు, నా బ్యాంకు వాయిదా తెలియదు. గేటు దగ్గర మైకు పట్టుకుని రెండు గంటలు మాట్లాడి కారెక్కి వెళ్లిపోతాడు. తర్వాత ఒకరి మొహాలొకరం చూసుకునేది నేనూ, వాళ్లూనే.

లెక్కల పంతులు

షెడ్డు గారూ, బయటి నాయకుల మీద చట్టంలో కట్టడి ఉంది. 2001లో ట్రేడ్ యూనియన్ల చట్టాన్ని సవరించినప్పుడు పరిశ్రమల్లోని సంఘాల కార్యవర్గంలో బయటివాళ్లు మూడో వంతు లేదా ఐదుగురు, ఏది తక్కువైతే అంతకు మించకూడదన్నారు. అసలు బయటివాడి అవసరం ఎందుకొస్తుందో కూడా ఆలోచించాలి. లోపలివాడు నోరు తెరిస్తే మర్నాడు నైట్ షిఫ్ట్ పడుతుంది. బయటివాడికి ఏ షిఫ్టూ ఉండదు.

ఆర్థిక వ్యవస్థ మాటకొస్తే, 2004లో బెస్లీ, బర్జెస్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు మన రాష్ట్రాల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. 1958 నుంచి 1992 దాకా పారిశ్రామిక వివాదాల చట్టాన్ని కార్మికుల వైపు సవరించిన రాష్ట్రాల్లో నమోదైన కర్మాగారాల ఉత్పత్తి, ఉపాధి తగ్గాయని తేల్చారు. అందులో పశ్చిమ బెంగాల్ కార్మికుల వైపు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ యజమానుల వైపు. యూనియన్లను తిట్టేవాళ్లంతా ఈ పేపరే చూపిస్తారు. అయితే ఆదిత్య భట్టాచార్జీ లాంటివాళ్లు దీన్ని గట్టిగా తప్పుపట్టారు. ఒకటీ అరా సవరణను బట్టి రాష్ట్రం మొత్తానికి ముద్ర వేయడమేంటని, కాగితం మీది చట్టం వేరు, గేటు లోపల అమలు వేరు కదా అని. నాకూ రెండో మాటే సబబనిపిస్తుంది. యజమానుల వైపున్న మన రాష్ట్రంలో ఫ్యాక్టరీలు మూతపడలేదా?

దూది పోగు

పడ్డాయి, మాస్టారూ. మా నాన్నదీ అందులో ఒకటి. గుంటూరు జిల్లాలో స్పిన్నింగ్ మిల్లు, పేరొద్దు.

నాకు పదకొండేళ్లు. నాన్న ఇంటికొస్తే జుట్టునిండా, కనుబొమల మీదా నూగు దూది. అమ్మ గుమ్మంలోనే ఆపి తువ్వాలుతో దులిపేది. బోనస్ మీద సమ్మె మొదలైంది. నలభయ్యో రోజు యజమాని "పాత బోనస్ ఇస్తాను, పైన వెయ్యి అడ్వాన్సు, వచ్చేయండి" అన్నాడు. లోపలివాళ్లలో సగానికి పైగా సరేనన్నారు, మా నాన్న కూడా. సంఘం నాయకుడు ఒప్పుకోలేదు. చేతులెత్తించి ఓటింగ్ పెట్టాడు. అందరి ముందూ ఎవరు కాదంటారు? నాన్న కూడా చెయ్యెత్తి ఇంటికొచ్చాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. మూణ్నెల్లకు మిల్లు తాళం పడింది. ఆ తర్వాత తెలిసిందేంటంటే యజమాని అప్పటికే స్థలం బేరం పెట్టాడు. సమ్మె ఆయనకు కలిసొచ్చింది.

ఇప్పుడు చెప్పండి, మూసింది ఎవరు? నాకు ముప్పై ఏళ్లుగా తేలలేదు. ఒకటి మాత్రం తెలుసు. ఆ రోజు చీటీల మీద రహస్యంగా ఓటు పెట్టి ఉంటే నాన్న పనిలోకి వెళ్లేవాడు.

బొంబాయిదీ ఇదే కథ. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ వెనకాల సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. అందులో కరీంనగర్, వరంగల్ వైపు నుంచి వెళ్లిన మన పద్మశాలీలు కూడా చాలామంది. సమ్మె ముగిసిందని ఎవరూ అధికారికంగా ప్రకటించనే లేదు. ఆ మిల్లుల స్థలాల్లో ఇప్పుడు మాల్స్, టవర్లు.

జీడిమెట్ల షెడ్డు

అదేనమ్మా నేననేది. మొదలుపెట్టడం తెలిసి ఆపడం తెలియని నాయకత్వం.

డిపో నంబర్ రెండు

మూతపడ్డవే చెప్తున్నారు. ఆర్టీసీ సంగతి మాట్లాడరేం? 2019 అక్టోబర్ 5న దసరా ముందు తెలంగాణలో సుమారు 48 వేల మందిమి సమ్మెకు దిగాం. 26 డిమాండ్లు, మొదటిది ప్రభుత్వంలో విలీనం. సెప్టెంబర్ జీతం కూడా చేతికి రాలేదు. పనిలోకి రానివాళ్లు తమంతట తామే ఉద్యోగం పోగొట్టుకున్నట్టే, "సెల్ఫ్ డిస్మిస్" అంది సర్కారు. కొందరు ప్రాణాలే తీసుకున్నారు. 52 రోజులు. ఆ రోజుల్లో నా భార్య మెడలో పుస్తెలు తప్ప ఏం మిగల్లేదు. అయినా మా పోరాటం ఊరికే పోలేదు. 2023 ఆగస్టులో విలీనం బిల్లు పాసైంది.

జీడిమెట్ల షెడ్డు

అన్నా, మీ కష్టాన్ని తక్కువ చేయను. కానీ వరుస చూడండి. 52 రోజుల తర్వాత నవంబర్ 25న మీ సంఘాల జేఏసీయే సమ్మె విరమించింది, విలీనం రాలేదు. పైగా యూనియన్లను పక్కన పెట్టి డిపోల్లో సంక్షేమ కమిటీలు వేశారు. అటు ఆంధ్రాలో సమ్మె లేకుండానే 2020 జనవరి 1 నుంచి సిబ్బంది ప్రభుత్వంలో కలిశారు, అది ఎన్నికల హామీ. మీకు బిల్లు వచ్చింది కూడా ఎన్నికల ఏడాదిలోనే. మరి సమ్మె సాధించిందేంటి?

డిపో నంబర్ రెండు

సార్, ఎన్నికల హామీ ఊరికే ఎందుకొస్తుంది? ఊరూరా యాభై వేల కుటుంబాలు ఒకే మాట మీద ఉన్నాయని తెలిస్తేనే వస్తుంది. హోటల్ కార్మికులకు అలాంటి హామీ ఎవరైనా ఇచ్చారా? సమ్మె విరమించినా ఆ మాట చావలేదు. అదీగాక, పనిలో చేరాక రిటైర్మెంట్ వయసు 60కి పెరిగింది, సమ్మె రోజుల జీతమూ ఇస్తామన్నారు. ఓడినవాళ్లకు ఎవరైనా అవి ఇస్తారా?

అయితే ఒక మాట ఒప్పుకుంటా. ఆ 52 రోజులు బస్టాపుల్లో మమ్మల్ని తిట్టుకుంటూ నిలబడ్డ ముసలమ్మలు నాకింకా గుర్తున్నారు. ఆసుపత్రికి పోవాల్సినవాళ్లు, పరీక్షలు రాయాల్సిన పిల్లలు. మా పోరాటంలో వాళ్ల పక్కన ఎవరూ నిలబడలేదు, మేం కూడా.

బండి మీద బతుకు

మీరంతా జీతమున్నోళ్లు. నేను హైదరాబాద్‌లో ఫుడ్ డెలివరీ చేస్తా. యాప్ పేరు చెప్పను. మమ్మల్ని కార్మికులనరు, "పార్ట్‌నర్" అంటారు. పోయిన వానాకాలం ఆర్డరు పల్టీ కొట్టి సాంబారు కారిపోయింది, కస్టమర్ ఫిర్యాదు పెట్టాడు. పొద్దున లేచి చూస్తే ఐడీ బ్లాక్. ఎవర్ని అడగాలి? హెల్ప్ నొక్కితే మెషీన్ జవాబు. ఆఫీసుకెళ్తే సెక్యూరిటీ గార్డు, పాపం అతనూ కాంట్రాక్టే.

ఒకసారి మా ఏరియావాళ్లం ఓ వంద మంది కలిసి రాత్రి ఏడింటికి లాగాఫ్ అయ్యాం. గంట గడిచేసరికి యాప్‌లో ఒక్కో ఆర్డరుకు ముప్పై రూపాయలు అదనమని మెసేజ్. ఒకడు మెల్లగా లాగిన్ అయ్యాడు, వాణ్ని చూసి ఇంకొకడు. తొమ్మిదికల్లా నేనూ అయ్యాను. ఇంట్లో పాలు కొనాలి. మీరు సమ్మె ఎన్ని రోజులు చేయాలని మాట్లాడుతున్నారు, మాది రెండు గంటలు. యూనియన్ ఉంటే కీడేమో అని మీరు కొట్టుకుంటుంటే నవ్వొస్తోంది. మాకు మాట్లాడేందుకు ఎదురుగా మనిషే లేడు.

లెక్కల పంతులు

ఈయన చెప్పిందే అసలు విషయం అనుకుంటాను. మనం మాట్లాడుకునే యూనియన్ చట్టాలన్నీ గేటున్న చోటికి. 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా అంతే. ఏ పరిశ్రమలోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసివ్వాలి, సగం మంది ఒకేసారి క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందే లెక్క, 300 మంది లోపున్న ఫ్యాక్టరీ మూసేందుకు సర్కారు అనుమతి అక్కర్లేదు. ఇంతకుముందు ఆ హద్దు 100. దీనికి కార్మిక సంఘాలు మండిపడుతున్నాయి, సబబే. కానీ 51 శాతం మద్దతున్న సంఘంతో యాజమాన్యం మాట్లాడాలన్న నిబంధన కూడా అందులోనే ఉంది. ఇక్కడ నా అనుమానం ఒక్కటే. ఆ 51 శాతం ఎవరిలో? కంపెనీ హాజరు పుస్తకంలో, అంటే మస్టర్ రోల్‌లో ఉన్నవాళ్లలో. కాంట్రాక్టర్ తెచ్చినవాడి పేరు వేరే పుస్తకంలో ఉంటుంది.

2025 జూన్ 30న పాశమైలారంలో మందుల్లో వాడే పొడి తయారుచేసే సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో నలభై మందికి పైగా పోయారు. చాలామంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. అలాంటి పొడి ఆరబెట్టే డ్రైయర్ల పక్కన నిలబడేవాడికి ఏ సంఘం ఫారం ఇస్తోంది?

బొగ్గుబాయి బిడ్డ

పంతులు గారూ, ముల్లు సరిగ్గా మా కాల్లోనే గుచ్చారు. నేను పైన లక్షా తొంభై వేలని గొప్పగా రాశాను కదా, మిగతాది దాచాను. అదే సంవత్సరం సింగరేణిలో కాంట్రాక్టు కార్మికులకు లాభాల నుంచి ఇచ్చింది మనిషికి 5 వేలు. అదీ మొదటిసారి. ఓపెన్‌కాస్టు గనుల్లో మట్టి తీసేదీ, కాలనీల్లో ఊడ్చేదీ, ఆసుపత్రుల్లో పనిచేసేదీ వాళ్లే. గుర్తింపు ఎన్నికల్లో వాళ్లకు ఓటు లేదు. ఓటు లేనివాడి గడపకు ఏ నాయకుడొస్తాడు? 2022 సెప్టెంబర్‌లో బొగ్గు గనుల కాంట్రాక్టు కార్మికులకు ఖరారు చేసిన హైపవర్ కమిటీ వేతనాలివ్వాలని వాళ్లే సమ్మెకు దిగారు. ఆ రోజుల్లో మా పర్మనెంటోళ్లం మస్టర్ పడి బాయి దిగుతూనే ఉన్నాం. మా నాన్న రిటైరై ఇంట్లో ఉండి, "మేం ఫిల్లర్లుగా ఉన్నప్పుడు మాకూ ఇట్లనే" అని ఒక్క మాట అని ఊరుకున్నాడు.

యూనియన్ కీడని నేనిప్పటికీ అనను. ఓటున్నంత మేరకే అది పనిచేస్తుంది అంటాను. షెడ్డు గారూ, మీ 42 మందిలో మీ పుస్తకంలో ఉన్నదెందరు?

జీడిమెట్ల షెడ్డు

పదిహేడు. మిగతావాళ్లు ఒడిశా మేస్త్రీ మనుషులు. అడిగారు కాబట్టి నిజమే చెప్పాను. వాళ్లనూ పుస్తకంలోకి ఎక్కిస్తే పక్క షెడ్డు నాకంటే తక్కువ రేటుకు కోట్ చేస్తాడు. అతనూ ఎక్కిస్తే నేనూ ఎక్కిస్తాను. జీడిమెట్ల మొత్తానికి ఒకే సంఘం, ఒకే రేటు అని ఎవరైనా వస్తే నాకభ్యంతరం లేదు. రాసిపెట్టుకోండి.

డిపో నంబర్ రెండు

సార్, ఇంతసేపూ యూనియన్‌ను తిట్టి చివరికి మీరే దాన్ని అడుగుతున్నారు!

పాలమూరు పిల్లగాడు

అందరికీ దండాలు. రాత్రి ఇదంతా తమ్ముడికి చదివి వినిపించాను. వాడు ఇవాళ యూనియన్ సెక్రటరీని క్యాంటీన్‌లో పట్టుకుని రెండు ప్రశ్నలడిగాడట. సమ్మె ఓటింగ్ చీటీల మీదా, చేతులెత్తా? ప్యాకింగ్‌లో ఉన్న కాంట్రాక్టు పిల్లలను చేర్చుకుంటారా? మొదటిదానికి "చీటీలే, బైలాలో ఉంది" అని కాగితం చూపించాడట. రెండోదానికి టీ తాగుతూ "వచ్చే జనరల్ బాడీలో పెడదాం" అన్నాడట. పోయినసారి కూడా ఇదే అన్నారని ప్యాకింగ్ పిల్లలు చెప్పారు.

వీడు సంతకం పెట్టాడు. జనరల్ బాడీ ఎప్పుడని ఫారం వెనకాల సెక్రటరీ చేతనే తేదీ రాయించుకున్నాడు. ఫోటో తీసి పంపాడు. మామయ్యకు ఇంకా చెప్పలేదు.